ఏ ప్రచారం పని తెచ్చింది? చిన్న సర్వీసు షాపుకు సరిపోయే కొలత ఎంచుకోవడం

ఫిబ్రవరి చివరి వారం వచ్చిందంటే విజయవాడలో ఏసీ సర్వీసు చేసే షాపులన్నీ దాదాపు ఒకేసారి ప్రచారానికి డబ్బు తీస్తాయి. దినపత్రికల మధ్యలో పెట్టి పంచే పాంప్లెట్లు, ఆటోల వెనుక కట్టే ఫ్లెక్సీలు, ఫేస్‌బుక్‌లో ప్రకటన, గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేజీకి కొత్త ఫొటోలు, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో తెలిసినవాళ్ల చేత పెట్టించే మెసేజీ, ఇవన్నీ పదిహేను రోజుల్లో జరిగిపోతాయి. రోహిణి కార్తె దాటి వానలు పడ్డాక యజమానిని "వీటిలో దేనివల్ల పని వచ్చింది?" అని అడిగితే "అన్నిటివల్లా వచ్చిందండీ" అంటారు. ఆ జవాబులో అబద్ధమేమీ లేదు గానీ, వచ్చే ఏడాది దేనికి డబ్బు పెంచాలో దేనికి ఆపాలో అది చెప్పదు.

మా బావగారి ఏసీ షాపుకు సాయంత్రాలు లెక్కలు రాసేది నేనే. చేతి రిజిస్టరు మొదలుకొని వెబ్‌సైటు అనలిటిక్స్ దాకా కొలిచే పద్ధతులు చాలానే ప్రయత్నించాం. కొన్నిటిని ఉంచుకున్నాం, కొన్నిటిని వదిలేశాం. ఆ పద్ధతులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఏది ఎవరికి సరిపోతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా ఉదాహరణలు ఎక్కువగా ఏసీ పనివే అయినా, పళ్ల డాక్టరు క్లినిక్కుకు, ట్యూషన్ సెంటరుకు, బ్యూటీ పార్లరుకు, పెళ్లి ఫొటోలు తీసేవారికి లెక్క ఎక్కడ మారుతుందో చివర్లో చెబుతాను.

ముందు దేన్ని లెక్కపెట్టాలి

పద్ధతిని ఎంచుకోవడానికి ముందు కొలవాల్సిన వస్తువును తేల్చుకోవాలి. ప్రకటనలు అమ్మేవారు మనకు చూపించే అంకెలు ఎంతమందికి కనిపించింది, ఎంతమంది నొక్కారు, ఎంతమంది మెసేజీ పెట్టారు అన్నవి. సర్వీసు షాపుకు డబ్బు వచ్చేది మాత్రం మెకానిక్ ఇంటికి వెళ్లి, పని పూర్తిచేసి, బిల్లు చేతికి అందినప్పుడే. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో గుండ్రటి అంకెలతో చూపిస్తాను.

ఒక నెలలో పాంప్లెట్లకు 9,000 రూపాయలు, ఫేస్‌బుక్ ప్రకటనకు మరో 9,000 రూపాయలు ఖర్చు పెట్టారనుకుందాం. పాంప్లెట్ చూసి 30 మంది ఫోన్ చేశారు, ఫేస్‌బుక్ ద్వారా 110 ఎంక్వైరీలు వచ్చాయి. ఎంక్వైరీకి పడిన ఖర్చు చూస్తే పాంప్లెట్‌కు 300 రూపాయలు, ఫేస్‌బుక్‌కు సుమారు 82 రూపాయలు. ఇక్కడితో ఆగిపోతే పాంప్లెట్లు మానేయాలనే అనిపిస్తుంది. కానీ ఫేస్‌బుక్ ఎంక్వైరీల్లో సగం "రేటెంత?" అని అడిగి మాయమైనవి, కొన్ని గుంటూరు, ఏలూరుల నుంచి వచ్చినవి. చివరకు పనిగా మారినవి 15. పాంప్లెట్ కాల్స్ 30లో 18 పనులయ్యాయి. ఇప్పుడు పని ఒక్కంటికి ఖర్చు పాంప్లెట్‌కు 500, ఫేస్‌బుక్‌కు 600.

ఇంకో మెట్టు దిగాలి. మెకానిక్ కూలి, పెట్రోలు, సామాను పోగా మామూలు సర్వీసులో 200 రూపాయలు, గ్యాస్ ఫిల్లింగ్‌లో 900, ఏడాది కాంట్రాక్టులో, అంటే ఏఎంసీలో, 1,200 మిగులుతాయనుకోండి. పాంప్లెట్ తెచ్చిన 18 పనుల్లో 9 మామూలు సర్వీసులు, 5 గ్యాస్ పనులు, 4 ఏఎంసీలు ఉంటే మిగులు 11,100 రూపాయలు. ఖర్చు పోగా లాభం 2,100. ఫేస్‌బుక్ తెచ్చిన 15లో 12 మామూలు సర్వీసులు, 3 గ్యాస్ పనులు ఉంటే మిగులు 5,100. అంటే 3,900 నష్టం. దీనికి ప్రకటన ఖర్చు మీద పడే 18 శాతం జీఎస్టీ కూడా కలపాలి. సర్వీసుల వ్యాపారానికి ఏటా 20 లక్షల టర్నోవరు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గనుక చిన్న షాపులు చాలామటుకు రిజిస్టరు కాకుండానే ఉంటాయి, అలా ఉన్నందువల్ల ఆ పన్నును తిరిగి జమ చేసుకునే వీలు వాటికి ఉండదు. అప్పుడు ఆ 9,000 కాస్తా 10,620 అవుతుంది, నష్టం 5,520కి చేరుతుంది.

అందువల్ల కింద చెప్పే ప్రతి పద్ధతినీ నేను ఒకే ప్రశ్నతో తూచాను: పూర్తయిన పని దగ్గర నిలబడి, అది ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి చూపించగలదా? ఎంక్వైరీ దగ్గరే ఆగిపోయే పద్ధతి ఎంత ఆధునికంగా ఉన్నా దానికి నా లెక్కలో రెండో స్థానమే.

అడిగి రాసుకునే రిజిస్టరు

అన్నిటికన్నా పాతది, చవకైనది, నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఇదే. ఫోన్ పక్కన ఒక పొడుగాటి రిజిస్టరు, దారంతో కట్టిన పెన్ను. మా రిజిస్టరులో ఒక వరుస ఇలా ఉంటుంది: "ఏప్రిల్ 9, ఉ. 10.20, పటమట, స్ప్లిట్ ఒకటిన్నర టన్ను, నీళ్లు కారుతున్నాయి, కొత్త, తెలిసినవారు (పై ఫ్లోరు), నంబరు గూగుల్." పని పూర్తయ్యాక అదే వరుస చివర్లో వచ్చిన డబ్బు రాస్తాం. పని కుదరకపోతే కారణం ఒక్క మాటలో రాస్తాం: రేటు, దూరం, ఆలస్యం, తిరిగి ఎత్తలేదు.

ఆ వరుస వెనుక జరిగిన సంభాషణ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి బలమంతా ప్రశ్న అడిగే తీరులోనే ఉంది. ఆ రోజు పటమట నుంచి ఒకావిడ ఫోన్ చేసి "ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయండీ, ఇవాళ ఎవరైనా రాగలరా?" అన్నారు. అడ్రసు, టైము రాసుకున్నాక మా బావగారు "మా షాపు గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగారు. "గూగుల్‌లో చూశానండీ." ఇక్కడే ఆగి ఉంటే గూగుల్ ఖాతాలో ఒక పని పడేది. ఆయన ఇంకొక్క మాట అడిగారు: "వెతికితే కనిపించిందా అండీ, లేక పేరు ముందే తెలుసా?" "పై ఫ్లోరు వాళ్లు మీ పేరు చెప్పారు. నంబరు కోసం గూగుల్‌లో చూశాను."

ఆ పనిని నిజంగా తెచ్చింది పోయిన వేసవిలో పై ఫ్లోరులో సరిగ్గా చేసిన సర్వీసు. గూగుల్ అక్కడ ఫోన్ డైరెక్టరీ పని మాత్రమే చేసింది. ఏ సాఫ్ట్‌వేరూ ఈ తేడాను చూడలేదు, ఎందుకంటే ఇద్దరు పొరుగువారు మెట్ల దగ్గర మాట్లాడుకున్న మాట ఏ తెర మీదా నమోదు కాదు. నోటి మాట మీద నడిచే సర్వీసు వ్యాపారంలో ఆ మాటను పట్టుకోగలిగింది ఈ రెండు ప్రశ్నల రిజిస్టరు ఒక్కటే.

దీని లోపాలు కూడా అంతే నిజం. కస్టమరు జ్ఞాపకం నమ్మదగింది కాదు. ఈ రోజుల్లో ఫోన్‌లో చూసిన ప్రతిదాన్నీ "గూగుల్" అనేసేవారు చాలామంది. ఇంకా పెద్ద లోపం మనవైపు నుంచి వస్తుంది. ఏప్రిల్ చివర్లో రోజుకు నలభై కాల్స్ వచ్చే వేళ ఎత్తినవారు ప్రశ్న అడగడం మానేస్తారు, సరిగ్గా లెక్క ఎక్కువ అవసరమైన రోజుల్లోనే గడి ఖాళీగా మిగులుతుంది. దీనికి మేము పెట్టుకున్న కట్టుబాట్లు మూడు. ఎక్కడి నుంచి వచ్చిందనే గడిలో స్టిక్కరు (సర్వీసు చేశాక ఏసీ పక్కన మేము అంటించేది), తెలిసినవారు, పాంప్లెట్, గూగుల్, ఫేస్‌బుక్, ఇతరం అనే ఆరు మాటలు తప్ప ఏడోది రాయకూడదు. అడగడం మరిచిపోతే ఊహించి రాయకుండా "తెలియదు" అనే రాయాలి. నెలాఖరున "తెలియదు"లు నాలుగో వంతు దాటితే ఆ నెల లెక్కను ఆధారం చేసుకుని ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఈ నాలుగో వంతు అన్నది శాస్త్రం చెప్పిన హద్దేమీ కాదు, మాకు అనుభవంలో కుదిరిన హద్దు.

ప్రశ్నను ఎప్పుడు అడగాలన్నది కూడా ముఖ్యమే. ఎండలో ఏసీ ఆగిపోయి చిరాకుగా ఉన్న మనిషిని ముందే "నంబరు ఎక్కడ దొరికింది?" అని అడిగితే పోలీసు విచారణలా ఉంటుంది. మెకానిక్ వచ్చే టైము చెప్పి, ఆయన మనసు కుదుటపడ్డాక అడిగితే సంతోషంగా చెబుతారు.

రిజిస్టరుతో పాటు రాత్రి పది నిమిషాల పని ఒకటి ఉంది: ఫోన్ కాల్ లాగ్ తెరిచి, ఆ రోజు కొత్త నంబర్ల నుంచి వచ్చిన మిస్డ్ కాల్స్ ఎన్నో, వాటిలో తిరిగి ఫోన్ చేసినవి ఎన్నో రిజిస్టరు అడుగున రాసుకోవడం. ఒక ఏడాది మే నెలలో ప్రకటనలు పనిచేయడం లేదని మేము బాధపడ్డాం. లాగ్ తీసి చూస్తే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా, బావగారు కూడా పనుల మీద బయట ఉన్న వేళలో, వచ్చిన కాల్స్‌లో ఎక్కువ భాగం ఎవరూ ఎత్తనివే. ఏసీ చెడిపోయినవారు మనకోసం ఎదురుచూడరు, వరుసలో తరువాతి షాపుకు ఫోన్ చేస్తారు. ప్రచారం తన పని తాను చేసింది, ఫోన్ ఎత్తడంలోనే మేము తప్పాం. ఈ లెక్క లేకుండా ఏ ప్రకటన మంచిదో చర్చించడం వృథా అని అప్పటినుంచి నా గట్టి నమ్మకం.

వేరే నంబరు, లేదా కోడు మాట

కస్టమరు జ్ఞాపకం మీద ఆధారపడటం ఇష్టం లేనివారు ప్రచారానికొక నంబరు కేటాయిస్తారు. పాంప్లెట్ మీద ఒకటి, బోర్డు మీద ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి. రెండు సిమ్ముల ఫోన్ ఉంటే అదనపు ఖర్చు నెల రీచార్జి మాత్రమే. ఏ సిమ్ముకు కాల్ వచ్చిందో తెర మీదే కనిపిస్తుంది గనుక ఎవరినీ ఏమీ అడగనవసరం లేదు, రద్దీ రోజుల్లోనూ లెక్క తప్పదు.

మొదటి మూడు నెలలు ఇది రిజిస్టరు కన్నా శుభ్రమైన లెక్క ఇస్తుంది. ఆ తరువాత నెమ్మదిగా మసకబారుతుంది. పాంప్లెట్ నంబరును ఒకాయన ఫోన్‌లో సేవ్ చేసుకుంటాడు, ఆర్నెల్లకు తోడల్లుడికి పంపుతాడు, ఆయన అపార్ట్‌మెంటు గ్రూపులో పెడతాడు. ఏడాది తిరిగేసరికి పాంప్లెట్ నంబరుకు వచ్చే కాల్స్‌లో ఎన్ని నోటి మాటవో చెప్పలేం. కాబట్టి దీన్ని ఒక్క సీజనుకు, ఒక్క ప్రచారాన్ని పరీక్షించడానికి వాడుకుంటే చాలా మంచిది. శాశ్వత కొలతగా పనికిరాదు. పైగా ఆ నంబరును ఆపేయడమూ కుదరదు, ఆపితే పాత కస్టమర్లు పోతారు. అందుకే సిమ్ము తీసుకునే ముందే దాన్ని ఏళ్ల తరబడి మోయడానికి సిద్ధపడాలి.

ఇండోర్ యూనిట్ పక్కన అంటించే స్టిక్కరు విషయంలో మాత్రం నా సలహా వేరు. సర్వీసు తేదీ, షాపు పేరు, నంబరు ఉండే ఆ చిన్న స్టిక్కరు ఏసీ షాపుకు ఉన్న ప్రచారాల్లో అన్నిటికన్నా చవకైనది, అది అంటించి ఉన్నది కూడా అచ్చంగా మన కస్టమరు ఇంట్లోనే. దాని మీద పాత నంబరే ఉంచి, మిగతా ప్రచారాలకు కొత్త నంబరు వాడితే పాత కస్టమర్ల కాల్స్, కొత్త కాల్స్ చాలావరకు వాటంతటవే విడిపోతాయి. పాత కస్టమర్లు ఏ ప్రకటనా లేకపోయినా వచ్చేవారే గనుక వాళ్ల పనులను ప్రకటన ఖాతాలో వేయకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది.

కోడు మాట అంటే "ఈ పాంప్లెట్ చూపిస్తే 50 రూపాయలు తగ్గింపు" లాంటిది. పని పూర్తయ్యే చోటే లెక్క దొరుకుతుంది, అందువల్ల కొలతగా ఇది చాలా గట్టిది. కానీ తగ్గింపు అడగడానికి మొహమాటపడేవారు, కాగితం పారేసినవారు లెక్కలోకి రారు. అసలే 200 మిగిలే పనిలో 50 వదులుకోవడం కొలత కోసం కట్టే పెద్ద ధర. బ్యూటీ పార్లరుకు బాగుంటుంది, ఏసీ సర్వీసుకు నేను సూచించను.

కాల్స్‌ను లెక్కపెట్టి, రికార్డు చేసి, ప్రచారానికొక వర్చువల్ నంబరు ఇచ్చే క్లౌడ్ టెలిఫోనీ సంస్థలు మన దేశంలో చాలా ఉన్నాయి. మిస్డ్ కాల్ లెక్క వాటంతట అవే ఇస్తాయి, ఒకరు ఎత్తకపోతే రెండోవారికి కాల్ మళ్లిస్తాయి. ముగ్గురు నలుగురు ఫోన్లు ఎత్తే షాపుకు ఆ మళ్లింపు ఒక్కటే పెట్టిన డబ్బుకు సరిపోవచ్చు. ఒక్కరే ఎత్తే షాపుకు రాత్రి పది నిమిషాల కాల్ లాగ్ చాలు.

వాట్సాప్ బిజినెస్

కాల్ చేయడం కన్నా మెసేజీ పెట్టడం ఇష్టపడే కస్టమర్లు ఎక్కువగా ఉన్న వ్యాపారానికి రిజిస్టరు పనిని వాట్సాప్ బిజినెస్ యాప్ చాలావరకు చేయగలదు. మన నంబరుకు చాట్ తెరిచే లింకులోనే ముందుగా ఒక వాక్యం రాసి పెట్టవచ్చు. పాంప్లెట్ మీద వేసే క్యూఆర్ కోడ్‌లో "నమస్తే, పాంప్లెట్ చూశాను, ఏసీ సర్వీసు కావాలి" అనీ, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే లింకులో "ఇన్‌స్టాలో చూశాను" అనీ ఉంటే, కస్టమరు పంపు నొక్కగానే ఎక్కడి నుంచి వచ్చారో మొదటి మెసేజీలోనే ఉంటుంది. కొందరు ఆ వాక్యం చెరిపి సొంత మాట రాస్తారు, అయినా ఎక్కువమంది అలాగే పంపుతారు.

ఆ తరువాత లేబుళ్లు. కొత్త ఎంక్వైరీ, రేటు చెప్పాం, పని ఖాయం, పూర్తి, పోయింది అనే లేబుళ్లు పెట్టుకుని చాట్‌ను ఒకదాని నుంచి మరోదానికి మారుస్తూ పోతే ఎంక్వైరీ పనిగా మారిందో లేదో యాప్‌లోనే తెలుస్తుంది. లోపం ఏమిటంటే లేబుళ్లు ఇప్పటి స్థితిని చూపిస్తాయి గానీ పోయిన నెల స్థితిని గుర్తుంచుకోవు. నెలాఖరున అంకెలు కాగితం మీదకో షీటులోకో ఎక్కించకపోతే ఏడాది తరువాత పోల్చడానికి ఏమీ మిగలదు. ఫోన్ కాల్స్, వాట్సాప్ రెండూ సమానంగా వచ్చే షాపులో లేబుళ్లు మాత్రమే వాడితే సగం బొమ్మే కనిపిస్తుంది. అలాంటివారు చాట్‌లను కూడా రిజిస్టరులోకే ఎక్కించడం మంచిది.

గూగుల్ పేజీ, వెబ్‌సైటు లెక్కలు

గూగుల్‌లో, మ్యాప్స్‌లో కనిపించే మన షాపు పేజీకి ఉన్న గూగుల్ మై బిజినెస్ అనే పేరును 2021 నవంబరులో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా మార్చారు. దీనిలోని పెర్ఫార్మెన్స్ పేజీ ఎంతమంది ప్రొఫైల్ చూశారు, ఏ మాటలతో వెతికారు, ఎంతమంది కాల్ బటన్ నొక్కారు, ఎంతమంది దారి అడిగారు అన్నది ఉచితంగా చూపిస్తుంది. ఈ వెతికిన మాటల జాబితాను నేను ఎంతో విలువైనదిగా చూస్తాను. "ఏసీ రిపేర్ దగ్గరలో" అని వెతికి వచ్చినవారు మన పేరు తెలియనివారు. షాపు పేరే కొట్టి వచ్చినవారు ముందే విన్నవారు. రిజిస్టరులోని రెండో ప్రశ్న దేన్ని అడుగుతుందో ఈ జాబితా కూడా దాన్నే మరోవైపు నుంచి చెబుతుంది.

రెండు జాగ్రత్తలు కావాలి. కాల్ బటన్ నొక్కడం అంటే కాల్ కలిసినట్టు కాదు; నంబరు చూసి మరో ఫోన్‌లో కొట్టుకున్నవారు అసలు లెక్కలోకే రారు. రెండోది, ఆ పేజీ ఆరు నెలల వెనక్కి మాత్రమే చూపిస్తుంది. సీజను వ్యాపారానికి పోయిన ఏడాది ఏప్రిల్ అంకె తప్పకుండా కావాలి గనుక ప్రతి నెల ఒకటో తేదీన ఆ నాలుగు అంకెలు రిజిస్టరు వెనుక పేజీలో రాసి పెట్టుకోవాలి.

వెబ్‌సైటు ఉన్నవారికి, దానికి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ ఉంది. పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జూలై 1 నుంచి సమాచారం తీసుకోవడం మానేసింది, ఇప్పుడున్నది జీఏ4, అంటే గూగుల్ అనలిటిక్స్ 4. ప్రచారానికి వాడే ప్రతి లింకు చివర యూటీఎం అనే తోక తగిలిస్తే, వచ్చినవారు ఫేస్‌బుక్ నుంచి వచ్చారా, మెసేజీలోని లింకు నుంచా అన్నది విడిగా కనిపిస్తుంది. కానీ ఒక్క పేజీ వెబ్‌సైటు ఉండి, అందులో చేసేదల్లా ఫోన్ నంబరు నొక్కడమే అయినప్పుడు, ఆ నొక్కడాన్ని ఒక ఈవెంటుగా లెక్కపెట్టేలా అమర్చకపోతే జీఏ4 చూపించేది రాకపోకలు మాత్రమే. అమర్చడానికి తెలిసినవారి సాయం కావాలి. దానికి తోడు వివరమైన విశ్లేషణకు వాడే సమాచారాన్ని అది మామూలుగా 2 నెలలే ఉంచుకుంటుంది, సెట్టింగుల్లో 14 నెలలకు మార్చుకోవాలి. మేము ఏడాది పాటు దీని మీద శ్రమపడి వదిలేశాం. వెబ్‌సైటులోనే అపాయింట్‌మెంటు తీసుకునే క్లినిక్కులు, ఫారం నింపించే ట్యూషన్ సెంటర్లు మాత్రం దీన్ని వదలకూడదు, వాళ్లకు అసలు పని అక్కడే జరుగుతుంది.

ప్రకటన అమ్మిన కంపెనీ ఇచ్చే రిపోర్టు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ ప్రకటనల డాష్‌బోర్డులు చూడటానికి అందంగా ఉంటాయి, శ్రమ ఉండదు. వాటిని ఒకదాంతో ఒకటి పోల్చడానికి వాడితే మేలు: రెండు ఫొటోల్లో ఏది ఎక్కువ మెసేజీలు తెచ్చింది, ఏ పేటలో ఖర్చు ఎక్కువైంది, రాత్రి ప్రకటన ఆపితే తేడా వచ్చిందా. మొత్తంగా ఆ ప్రకటన లాభమా నష్టమా అన్న తీర్పుకు మాత్రం వాటిని నమ్మకూడదు.

కారణం వాటి లెక్క కట్టే తీరులోనే ఉంది. మెటా, అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ, ప్రకటనల్లో మామూలుగా ఉండే అమరిక ప్రకారం, ప్రకటన నొక్కిన 7 రోజుల్లోనో, నొక్కకుండా ఊరికే కంటబడిన 1 రోజులోనో కస్టమరు మనం లెక్కపెట్టమన్న పని చేస్తే ఆ ఫలితం ప్రకటన ఖాతాలో పడుతుంది. ఆవిడ మన పాత కస్టమరే అయి, ఎలాగూ ఫోన్ చేసేదే అయినా సరే. అదే మనిషి గూగుల్ ప్రకటన కూడా నొక్కి ఉంటే అక్కడా ఆమె ఒక ఫలితమే. రెండు డాష్‌బోర్డుల ఫలితాలు కూడితే మనకు వచ్చిన పనుల కన్నా ఎక్కువ తేలడం ఇందువల్లనే. వాట్సాప్‌కు తీసుకొచ్చే ప్రకటనల్లో "సంభాషణ మొదలైంది" అనే ఫలితంలో ఒట్టి "హాయ్" పెట్టి ఊరుకున్నవారు కూడా కలిసి ఉంటారు.

ఒకసారి మా ప్రకటనలు చూసిపెట్టిన ఏజెన్సీ నెలాఖరున ఇచ్చిన రిపోర్టులో 140 లీడ్లు, అంటే ఎంక్వైరీలు, అని ఉంది. వాటిని ఒక్కొక్కటిగా రిజిస్టరుతో సరిచూస్తే పనులైనవి తొమ్మిది. వాళ్లు దాచిందేమీ లేదు, మనకు కావలసిన అంకె ఏదో మనం చెప్పలేదు. ఏజెన్సీతో ఒప్పందం చేసుకునేటప్పుడే "ప్రతి లీడు ఫోన్ నంబరుతో సహా వారానికొకసారి పంపండి, ఏది పనైందో మేము తిరిగి రాసి పంపుతాం" అని ముందే చెప్పి రాయించుకోవడం మంచిది. అలా చెప్పిన తరువాతి సీజనులో వాళ్లే ప్రకటనను విజయవాడ, తాడేపల్లి, కానూరు వరకే పరిమితం చేశారు.

ఒక పేటలో ఆపి చూడటం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వచ్చిన కస్టమరు ఎక్కడి నుంచి వచ్చారని అడిగేవి. ప్రకటన లేకపోతే ఆ కస్టమరు రాకపోయి ఉండేవారా అన్న అసలు ప్రశ్నకు జవాబు చెప్పేది ఈ ఒక్క పద్ధతే. పాంప్లెట్లకు ఇది చాలా తేలిక, ఎందుకంటే పేపరు ఏజెంట్ల లైన్లు పేటల వారీగా విడివిడిగా ఉంటాయి. ఒక వారం పటమట లైనులో పాంప్లెట్లు పెట్టించి, అలాంటి ఇళ్లే ఉన్న భవానీపురంలో పెట్టించకుండా, మూడు వారాల పాటు రెండు పేటల నుంచి వచ్చిన కొత్త పనులను లెక్కపెట్టాలి. తరువాత రెండిటినీ తారుమారు చేయాలి. ఫేస్‌బుక్ ప్రకటననూ ఇలాగే ప్రాంతాల వారీగా ఆపి చూడవచ్చు.

ఈ పరీక్ష లేకపోతే ఏసీ వ్యాపారంలో ఎండే మనల్ని మోసం చేస్తుంది. మార్చి మూడో వారంలో ప్రకటన మొదలుపెడతాం, ఆ వారమే ఎండ ముదురుతుంది, కాల్స్ రెట్టింపవుతాయి, ప్రకటన అద్భుతమనుకుంటాం. డిసెంబరులో అదే ప్రకటనకు ఎవరూ ఫోన్ చేయరు, దండగనుకుంటాం. పోయిన నెలతో పోలిస్తే కనిపించేది రుతువు మార్పే. పోయిన ఏడాది అదే నెలతో గానీ, అదే వారంలో ప్రకటన లేని పేటతో గానీ పోల్చాలి.

అంకెలు చిన్నవైనప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. ఒక ప్రచారం నుంచి నెలకు 20 పనులు వచ్చే చోట, ఏమీ మార్చకపోయినా వచ్చే నెల ఆ అంకె 11కు తగ్గవచ్చు, 29కి పెరగవచ్చు. యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులు ఇంచుమించు ఆ అంకె వర్గమూలానికి రెండింతల వరకు సహజమే, 20కి అది దాదాపు 9. కాబట్టి పోయిన నెల 18, ఈ నెల 23 వచ్చాయని పాంప్లెట్ రంగు మార్చినందుకు సంబరపడటం గానీ, 14కు తగ్గాయని ప్రకటన ఆపేయడం గానీ తొందరపాటే. చిన్న షాపు తన సీజను మొత్తాన్ని ఒక లెక్కగా తీసుకోవాలి. వారం వారం తీర్పు చెప్పడానికి దాని అంకెలు చాలవు.

ఎవరికి ఏది

నెలకు వంద లోపు ఎంక్వైరీలు వచ్చి, ఒకరిద్దరే ఫోన్ ఎత్తే ఏ సర్వీసు షాపుకైనా రిజిస్టరు, రెండు ప్రశ్నలు, రాత్రి కాల్ లాగ్, నెలకొకసారి గూగుల్ పేజీ అంకెలు చాలు అన్నది నా నిశ్చితాభిప్రాయం. దీనికి రీచార్జి ఖర్చు కూడా లేదు. ఒకే ప్రచారం మీద ఒక్క సీజనులో పది వేలు దాటి పెట్టబోతున్నవారు దానికి వేరే నంబరు తీసుకోవాలి, లేదా పేటల వారీగా ఆపి చూడాలి. రెండిటిలో ఒకటే చేయగలిగితే ఆపి చూడటాన్నే నేను ఎంచుకుంటాను.

పళ్ల క్లినిక్కులో రిసెప్షన్ దగ్గర నింపే మొదటి కాగితంలోనే "ఎవరి ద్వారా తెలిసింది" అనే గడి పెడితే ఫోన్‌లో అడిగే శ్రమ తప్పుతుంది. అక్కడ మొదటి రోజు ఫీజు కన్నా ఏడాదిలో ఆ మనిషి, ఆ కుటుంబం చేయించుకునే వైద్యం ఎక్కువ గనుక పని ఒక్కంటికి ఖర్చును ఏడాది బిల్లుతో పోల్చాలి. ట్యూషన్ సెంటరుకు లెక్కంతా ఏప్రిల్ నుంచి జూన్ దాకానే. డెమో క్లాసుకు వచ్చిన పిల్లల్లో ఎందరు చేరారన్నది ఎంక్వైరీల సంఖ్య కన్నా ముఖ్యం. పార్లరుకు వాట్సాప్ లేబుళ్లు, కోడు మాట సరిపోతాయి. పెళ్లి ఫొటోగ్రాఫరుకు ఏడాదికి వచ్చేవే పదుల్లో పనులు, పైగా మూఢాలు, ఆషాఢం వచ్చినప్పుడు ముహూర్తాలే ఉండవు, కాబట్టి నెలవారీ అంకెలు చూడటం మానేసి, కుదిరిన ప్రతి కుటుంబంతోనూ కూర్చుని మొదట ఎక్కడ చూశారో, ఎవరిని సంప్రదించారో వివరంగా అడిగి రాసుకోవడమే మేలు. ఇరవై కుటుంబాల కథలు ఆయనకు ఏ చార్టూ చెప్పలేనంత చెబుతాయి.

ముగ్గురికి మించి ఫోన్లు ఎత్తడం మొదలైనప్పుడు, లేదా రెండో బ్రాంచి తెరిచినప్పుడు కాగితం నుంచి షీటుకో సాఫ్ట్‌వేరుకో మారే సమయం వచ్చినట్టు. అప్పుడు కొనబోయే సాఫ్ట్‌వేరు అమ్మేవారిని రెండు సంగతులు అడగాలి: మన పాత రిజిస్టరులోని ఆరు మాటలే ఆ గడిలో పెట్టుకునే వీలుందా, మొత్తం సమాచారాన్ని ఎప్పుడైనా ఎక్సెల్‌గా దించుకునే వీలుందా. రెండిటిలో దేనికి లేదన్నా తీసుకోకండి. ఒప్పుకుంటే మార్పును సీజను మధ్యలో చేయకుండా ఆగస్టులోనో సెప్టెంబరులోనో చేసి, మొదటి నెల రిజిస్టరునూ సాఫ్ట్‌వేరునూ పక్కపక్కనే నడిపి, పూర్తయిన పనుల సంఖ్య రెండింటిలో ఒకటే వచ్చాకే రిజిస్టరు రాయడం ఆపండి.